ఓడలో పాడుకున్న పటం

మా బావకి సోమందేపల్లెలో ఎరువుల అంగడి ఉంది. విత్తనాలు, పురుగుమందులు, స్ప్రేయర్లు అన్నీ అమ్ముతాడు. వాన రాక వేరుశనగ చేలోనే ఎండిపోయిన ఏడాది కూడా పురుగుమందు అమ్మగలిగిన మనిషి. పంటే లేనిచోట పురుగెక్కడిదని అడిగితే, "పురుగొచ్చినాక కొడితే ఏం లాభమప్పా, ముందే కొట్టల్ల" అంటాడు. ఆ నేర్పుకి మెచ్చి మందుల కంపెనీవాళ్ళు ఇద్దరికి సరిపడా ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చారు. సింగపూరు దాకా విమానం, అక్కడి నుంచి సముద్రం మీద తిరిగి మళ్ళీ సింగపూరు.

రెండో సీటు మా అక్కది. అక్క రానని కూర్చుంది.

"నీళ్ళ మింద పండుకుంటే నాకు నిద్ర పట్టదురా. అట్లని మీ బావను ఒక్కణ్ణే పంపిస్తే ఆడ తాగి ఏం చేస్తాడో ఎవురికి తెలుసు? నువ్వు పో. నీకేం పనుండాది ఇంట్లో?"

నాకు పనేమీ లేనిమాట నిజమే. ప్రభుత్వ హైస్కూళ్ళలో డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరయ్యాను, అనంతపురంలో ఉంటున్నాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా నాకు పనుందని ఎవరూ అనుకోలేదు. సిలబస్ మిగిలిపోయిన ప్రతి లెక్కల మాస్టరూ నా పీరియడే తీసుకునేవాడు. ఎన్నికలొస్తే పోలింగు గదుల మీద నంబర్లు వేయడానికి, ఎవరైనా ఆఫీసరు వస్తున్నాడంటే గోడ మీద చేతులు కడుక్కుంటున్న పిల్లల బొమ్మ వేయడానికి మాత్రం గుర్తొచ్చేవాణ్ణి. అన్నేళ్ళలో నేను వేసిన బొమ్మ ముందు ఎవరైనా ఆగి చూశారన్న జ్ఞాపకం లేదు. అందుకే బొమ్మల గురించి మాట్లాడేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చులకన. బొమ్మలు కొనేవాళ్ళంటే ఇంకా చులకన.

అలా అక్క సీట్లో నేను ఓడెక్కాను.

ఓడ ఓడలా లేదు. బెంగళూరులో పెద్ద షాపింగ్ మాల్‌ని ఎత్తుకొచ్చి నీళ్ళలో పెట్టినట్టుంది. మూడు రాష్ట్రాల ఎరువుల డీలర్లు సగం ఓడ నిండా ఉన్నారు. అందరి సంచుల్లోనూ చెనిక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ. సముద్రం చూడటానికి మొదటి సాయంత్రం అందరూ పైకెక్కారు. ఒకాయన కాసేపు చూసి, "ఇన్ని నీళ్ళుండి ఏం లాభమప్పా, ఒక్క ఎకరా తడవదు" అన్నాడు. అందరూ నవ్వి కిందికి దిగారు. మళ్ళీ ఎవరూ సముద్రం వైపు చూడలేదు.

భోజనాల హాలు నుంచి జూదశాలకి పోయే దారి పొడుగునా గోడలకి బొమ్మలు వేలాడదీసి ఉన్నాయి. ఒక్కోదానికీ పైన చిన్న దీపం. ఎర్రటి సూర్యాస్తమయాలు, వానలో గొడుగులు, ద్రాక్షతోటలు, దుమ్ము లేపుతూ పరిగెత్తే గుర్రాలు, పెద్ద కళ్ళ పిల్లులు. మొదటిసారి చూసినప్పుడు నాకు గుండె కొట్టుకుంది, అబద్ధం చెప్పను. ఇన్ని పటాలు ఒకేచోట నేనెప్పుడూ చూడలేదు. దగ్గరికి వెళ్ళి చూశాక ఆ గుండె మామూలైపోయింది. చాలా వాటిని యంత్రంలో అచ్చేసి, పైన అక్కడక్కడా రంగు ఉబ్బెత్తుగా పూశారు. కుంచెతో వేసినట్టు కనపడాలని. వాటిని రేపు మధ్యాహ్నం వేలం వేస్తారనీ, వచ్చినవాళ్ళకి వైను ఉచితమనీ పక్కనే బోర్డు పెట్టారు.

ఆ రాత్రి భోజనం బల్ల దగ్గర మాతోపాటు విడపనకల్లు డీలరు ఒకాయన కూర్చున్నాడు. ఆయనా, మా బావా ఒకప్పుడు డీలర్ల సంఘం అధ్యక్ష పదవికి నిలబడి, ఇద్దరూ మూడోమనిషి చేతిలో ఓడిపోయారు. అప్పటినుంచి ఒకరంటే ఒకరికి పడదు. ఓడించినవాడితో మాత్రం ఇద్దరికీ స్నేహమే. అదే బల్లకి బెంగళూరు నుంచి వచ్చిన దంపతులు. ఆయన రిటైరైన ఇంజనీరు, ఆవిడ తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడుతుంది. వేలం మాట ఎత్తింది ఆవిడే.

"మీరు చూసినారా పెయింటింగులు? నేను మా సోఫా ఫోటో తెచ్చుకున్నాను" అని ఫోను తీసి చూపించింది. నీలం రంగు సోఫా. "దీనికి మ్యాచ్ అయ్యేది ఒకటి కావాలి."

ఇంజనీరు ఆవిడ మాటకు అడ్డొచ్చాడు. "సోఫా సంగతి కాదు. ఆర్ట్ అనేది ఇన్వెస్ట్‌మెంట్. భూమి అయినా తగ్గుతుంది కానీ ఇది తగ్గదు."

భూమి తగ్గుతుందనగానే డీలర్లిద్దరూ తినడం ఆపి ఆయన వైపు చూశారు.

"ఎంతకి పెరుగుతుంది సార్?" విడపనకల్లు డీలరు అడిగాడు.

"ఆర్టిస్టు చచ్చిపోతే డబుల్."

"ఎప్పుడు చస్తాడంట?"

ఇంజనీరుకి అది పరిహాసమో నిజమైన ప్రశ్నో అర్థం కాలేదు. నిజమైన ప్రశ్నే. మా బావ కూడా జవాబు కోసం చూస్తున్నాడు. ఆ బల్ల దగ్గర బొమ్మలు వేయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. బొమ్మ ఎట్లా ఉందో నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర మంచి మాట ఏదీ లేదు కూడా.

మరుసటి మధ్యాహ్నం హాలు నిండిపోయింది. బొమ్మల మీద ప్రేమతో అనుకునేరు. బయట ఎండ, లోపల చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు, అడిగినంత వైను. మా డీలర్లు మొదటి వరసలన్నీ ఆక్రమించారు. తలుపు దగ్గర ఒక్కొక్కరికీ నంబరు వేసిన అట్ట ఇచ్చారు. ఒకాయన దాంతో విసురుకుంటుంటే, అది ఎత్తితే కొన్నట్టేనని పక్కాయన భయపెట్టి కిందికి దించేశాడు.

నా పక్కన ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక ముసలావిడ ఊలు అల్లుకుంటూ కూర్చుంది. నా ఇంగ్లీషు బడి ఇంగ్లీషే అయినా మాటలు కలిశాయి. ప్రతి ఏడాదీ ఓడెక్కుతుందట, ప్రతి ఓడలోనూ వేలానికి వస్తుందట. ఎప్పుడైనా కొన్నారా అని అడిగాను. ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ఈ చెత్తనా? పోయిన ఏడాది వేరే ఓడలో కూడా ఇవే. కుర్చీ బాగుంటుంది, అందుకు వస్తాను" అంది. చెత్త అని తెలిసి, చెత్త ముందు ఏడాదికొకసారి వచ్చి కూర్చునే మనిషి. తెలియనివాళ్ళకంటే ఆవిడంటేనే నాకు ఎక్కువ రోత పుట్టింది.

వేలం వేసేవాడు నీలం కోటు వేసుకుని, చేతిలో చిన్న చెక్క సుత్తి పట్టుకుని వచ్చాడు. చక్కటి గొంతు. "మీకు కళ గురించి ఏమీ తెలియనక్కర్లేదు, మీ మనసుకి నచ్చిందే గొప్ప బొమ్మ" అని మొదలుపెట్టాడు. హాలంతా చప్పట్లు. ఏమీ తెలియనక్కర్లేదంటే అంత సంతోషించే జనాన్ని నేనెక్కడా చూడలేదు. వైద్యం గురించి ఏమీ తెలియనక్కర్లేదని డాక్టరు అంటే తంతారు. నా జీవితమంతా పిల్లలకి నేను నేర్పింది ఒక్కటే, ముందు సరిగ్గా చూడండిరా అని. చూడనక్కర్లేదని చెప్పి ఇక్కడొకడు బతుకుతున్నాడు, నాకంటే బాగా.

ఒక్కో పటం బయటికి వస్తుంటే చుట్టుపక్కల అభిప్రాయాలు వినపడుతున్నాయి. బెంగళూరు ఆవిడ ప్రతిదానికీ ఫోనులోని సోఫాని ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి చూస్తోంది. గుర్రాల పటం వచ్చినప్పుడు వెనక వరసలో ఒక డీలరు, "ఇది ఇంట్లో పెడితే నిలకడుండదప్పా, గుర్రాలు బయటికి పోతాండాయి చూడు, లోపలికి రావల్ల" అన్నాడు. ఇంకొకాయన పటం వదిలేసి చట్రం మీద పడ్డాడు. "చెక్క బాగుండాది. టేకు అయ్యుంటాది." సూర్యాస్తమయం వచ్చినప్పుడు మమ్మల్ని తీసుకొచ్చిన మందుల కంపెనీ మేనేజరు, "మన కొత్త మందు డబ్బా మీద ఇట్లాంటిదే వేయించాలి" అని ఫోటో తీసుకున్నాడు. ఇంజనీరు మాత్రం ప్రతిదానికీ తల ఊపి, మంచి ఇన్వెస్ట్‌మెంట్ అని చుట్టూ ఉన్నవాళ్ళకి చెప్పి, తన అట్టని తొడకింద పెట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు తీసుకొచ్చారు ఆ బొమ్మని.

హోటలు బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న ఆడమనిషి. ఎర్ర గౌను, సగం వీపు బయటికి. ముఖం కిటికీ వైపు తిరిగి ఉంది. చేతిలో వైను గ్లాసు. గ్లాసు మూతి గీసిన తీరు తప్పు. ఏడో తరగతి పిల్లల చేత చెరిపించి మళ్ళీ గీయించే తప్పు అది. ఆమె ఎడమచెయ్యి బల్ల కింద దాక్కుంది. వేళ్ళు గీయడం చేతకానివాడు చేసే పని. నేనివన్నీ చూస్తుండగానే పక్కన మా బావ అట్ట ఎత్తాడు.

ఎందుకెత్తాడో నేను ఇప్పటికీ చెప్పలేను. ఆ సమయానికి మూడో గ్లాసులో ఉన్నాడు, అదొకటి. వేలం అన్నచోట చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయనకి రాదు, అది ఇంకొకటి. చింతచెట్ల వేలంలో, వినాయకుడి లడ్డు వేలంలో ఎప్పుడూ ముందుండే మనిషి. లడ్డు పాడుకుని నెత్తిన పెట్టుకుని ఊరేగిన ఫోటోలు ఇంటినిండా ఉన్నాయి.

నడవాకి అవతల విడపనకల్లు డీలరు అట్ట లేచింది.

బావ మళ్ళీ ఎత్తాడు. ఆయనా ఎత్తాడు. వేలంవాడి ముఖం వెలిగిపోయింది. మిగతా ఒకరిద్దరు తప్పుకున్నారు. ఇక వీళ్ళిద్దరే.

"ఏమప్పా, నీకెందుకు ఈ పటం?" అని బావ గట్టిగా అడిగాడు, హాలంతా వినపడేలా.

"కొత్తిల్లు కట్టిస్తాండా కదన్నా. హాల్లోకి కావల్ల. నీదే పాతిల్లు, మేకు కొడితే సున్నం రాల్తాది."

"నా గోడ సంగతి నీకెందుకు? నువ్వు ముందు స్లాబు ఏపిచ్చుకో."

"ఏపిచ్చినాం లేన్నా. ఎత్తు చూద్దాం."

డీలర్లందరూ రెండు జట్లయిపోయారు. సోమందేపల్లె అని కొందరు, విడపనకల్లు అని కొందరు అరుపులు. తెల్లవాళ్ళు కుర్చీల్లోంచి లేచి చూస్తున్నారు. వేలంవాడికి ఒక్క ముక్క అర్థం కాక, "ఈ పెద్దమనుషులు కళను ఎంతగా ప్రేమిస్తున్నారో చూడండి" అన్నాడు. ఆస్ట్రేలియా ముసలావిడ ఊలు పక్కన పెట్టి, వాళ్ళిద్దరూ దేని గురించి వాదించుకుంటున్నారని నన్ను అడిగింది. గోడల గురించి అని చెప్పాను.

నేను బావ మోచెయ్యి పట్టుకుని, "వద్దు బావా, అది అచ్చు బొమ్మ" అన్నాను. చెయ్యి విదిలించుకున్నాడు. చివరికి విడపనకల్లు ఆయన అట్టని ఒళ్ళో పెట్టుకుని, "పోనీలే, పెద్దోడు, ముచ్చట పడతాండాడు" అన్నాడు. సుత్తి టక్కున పడింది. ఆ ధర నేనిక్కడ రాయను. రాస్తే అది మళ్ళీ అక్క చెవిన పడుతుంది.

డీలర్లు బావని భుజాల మీదికి ఎత్తుకోబోయారు. బెంగళూరు ఆవిడ ఆయన పక్కన నిలబడి ఫోటో దిగింది. ఇంజనీరు చెయ్యి కలిపి, "మీకు మంచి కన్ను ఉంది" అన్నాడు. తను ఒక్కసారి కూడా అట్ట ఎత్తలేదు.

పత్రాలు రాసే బల్ల దగ్గరికి నేనే తోడు వెళ్ళాను. ఈ పటాన్ని ఎలా తీసుకెళ్ళాలని అక్కడున్న అమ్మాయిని అడిగాను. ఇది ఇక్కడే ఉంటుంది, మీది మా గోడౌన్ నుంచి ఇంటికి పంపిస్తాం అంది. అంటే ఇది కాదా అన్నాను. ఇలాంటిదే సార్, తేడా ఏమీ ఉండదు అంది, నవ్వుతూ. ఆ అమ్మాయి ఏమీ దాచలేదు. అడిగితే చెప్పేదే. ఎవరూ అడగరు, అంతే.

గదికి వచ్చాక బావకి అంతా వివరంగా చెప్పాను. అచ్చు వేసినదని, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో తెలియదని, గ్లాసు తప్పు గీశాడని, చెయ్యి దాచేశాడని. నాకు తెలిసినదంతా ఆ పూట చెప్పుకోవడానికి ఒక మనిషి దొరికినట్టయింది. ఆయన మంచం మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ అంతా విన్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"నువ్వు ఇన్నేండ్లు బొమ్మలు గీసినావు కదా. నీ బొమ్మకు ఎవుడన్నా ఎప్పుడన్నా చెయ్యెత్తినాడా?"

నేను నా చెప్పులు మంచం కిందికి తోశాను.

"వాడు తప్పు గీసినాడు. సరే. ఇద్దరు మొగోళ్ళు పోట్లాడినారు దాని కోసరం. నువ్వు సరిగ్గా గీసినావు. ఏమైంది?"

నేను దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాను. బావ మంచివాడే, నన్ను ఏడిపించాలని అనలేదు. ఆయన లెక్కలో అదొక మామూలు ప్రశ్న. అమ్ముడుపోయే సరుకు, అమ్ముడుపోని సరుకు. అందుకే ఎక్కువ మండింది. ఎరువుల సంచులు అమ్మేవాడి చేత, అదీ మూడు గ్లాసుల వైను తాగినవాడి చేత, నా బతుకంతా ఇట్లా తూకం వేయించుకోవడానికి సముద్రం మీదికి రావాల్సి వచ్చింది.

మర్నాడు టిఫిను దగ్గర ప్రతివాడూ బావని పలకరించేవాడే. పటం కొన్న మనిషి అని ఓడంతా తెలిసిపోయింది. నిన్న ఇన్వెస్ట్‌మెంట్ అన్న ఇంజనీరు ఈరోజు గొంతు తగ్గించి, కొంచెం ఎక్కువ పెట్టారేమో అన్నాడు. సోఫా ఆవిడ ఎరుపు మా ఇంటికి నప్పదు గానీ లేకపోతే నేనే కొనేదాన్ని అంది. ఒక కర్నూలు డీలరు ఆ బొమ్మలో ఆవిడ ఎవరో సినిమా యాక్టరని ఘంటాపథంగా చెప్పాడు. కొన్నవాడి ముందు పొగడ్త, పక్కకి రాగానే నవ్వు. ఒక్కడైనా ఆ బొమ్మని నిలబడి చూసినట్టు నాకు కనపడలేదు. భోజనాల హాలు దారిలో అది మళ్ళీ అదే మేకుకి, అదే దీపం కింద వేలాడుతోంది. అమ్ముడుపోయిందన్న గుర్తు కూడా లేదు. బావ దాన్ని చూశాడు. చూడనట్టు నడిచాడు. ఆ తర్వాత భోజనానికి పోయిన ప్రతిసారీ వెనక మెట్ల దారిన చుట్టూ తిరిగి పోయాం.

ఇంటికొచ్చిన చాలా రోజులకి పొడుగాటి అట్ట గొట్టంలో చుట్టి పటం వచ్చింది. ఆ రోజు నేను సోమందేపల్లెలోనే ఉన్నాను. అక్క మంచం మీద పరిచి, నాలుగు మూలలా ఎరువుల కంపెనీ క్యాలెండర్లు బరువు పెట్టి చూసింది.

"ఎవురీమె?"

"ఎవురో. బొమ్మ అది" అన్నాడు బావ.

"బొమ్మయితే? వీపంతా కనపడతాంది. ఈమెను హాల్లో పెడితే వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు? తాగుతాంది గూడా."

హాలుకు అక్క ఒప్పుకోలేదు. దేవుడి గది ఎదురుగా కుదరదు, పడకగదిలో అసలు కుదరదు. చివరికి చట్రం కట్టించి వంటింటి పక్కన, అక్క కూరగాయలు తరుక్కునే గదిలో తగిలించారు. అంగడికి వచ్చిన రైతులని బావ పిలిచి మరీ చూపించేవాడు. వాళ్ళు వాకిట్లో చెప్పులు విప్పి, తలపాగా సర్దుకుని, ఆ గదిలో ఒక నిమిషం నిలబడి, "బాగుండాదన్నా" అని బయటికొచ్చి మందు అప్పు అడిగేవాళ్ళు. నాకు తెలిసి ఆ పటం మీద లాభం వచ్చింది వాళ్ళకే.

ఎండాకాలంలో విడపనకల్లు డీలరు గృహప్రవేశానికి పిలిచాడు. బావ పోనన్నాడు, అక్క పోవాలంది. డ్రైవరుని పెట్టుకుని కారులో ముగ్గురం బయలుదేరాం. అనంతపురం దాటి ఆ పక్కకి పోయేకొద్దీ ఎర్రనేల పోయి నల్లరేగడి వస్తుంది. ఆ నేలలో మిరప పెడతారు. మిరపకి కొట్టినన్ని మందులు దేనికీ కొట్టరు. అందుకే ఆయన ఇల్లు మూడంతస్తులు.

లోపలికి అడుగుపెట్టగానే హాల్లో ఎదురుగోడ మీద ఆమె. అదే ఎర్ర గౌను, అదే గ్లాసు, బల్ల కింద దాచిన అదే చెయ్యి. ఉబ్బెత్తుగా పూసిన రంగు కూడా అవే చోట్ల. పైన దీపం పెట్టించాడు, చట్రానికి బంతిపూల దండ వేయించాడు.

బావ కదలకుండా నిలబడిపోయాడు. నాకు లోపల ఎంత సంతోషం వేసిందో రాస్తే బాగుండదు. ఇప్పుడు తెలుస్తుంది ఈయనకి అనుకున్నాను. గొడవ జరుగుతుంది, ఇద్దరూ మోసపోయామని అరుచుకుంటారు, అప్పుడు నన్ను పిలిచి అడుగుతారు, నేను గ్లాసు సంగతి మొదలుపెట్టి చెబుతాను.

విడపనకల్లు ఆయన పట్టుపంచెలో పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, కోపం చేసుకోవద్దు. ఆ పొద్దు నువ్వు పాడుకోని పోయినాక ఆ నీలం కోటు ఆయప్ప నా దగ్గరికొచ్చి, ఇట్లాంటిదే ఇంకోటుండాది, నీక్కావల్లనా అన్నాడు. నేను ఊరుకుంటానా?"

బావ ఆయన్ని చూశాడు, పటాన్ని చూశాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. ఆయనా నవ్వాడు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని పటం కింద నిలబడి ఫోటో తీయించుకున్నారు.

"మన పక్క ఇట్లాంటి పటం మా ఇద్దరి దగ్గరే ఉండాది" అని బావ అక్కడున్నవాళ్ళందరికీ చెప్పాడు. రెండుంటే విలువ తగ్గుతుందన్న ఆలోచన వాళ్ళకి రాలేదు. రెండో మనిషి కూడా కొన్నాడు కాబట్టి మంచిదే అయ్యుంటుందని ధైర్యం వచ్చింది. సంఘం ఎన్నికల నాటి పగ ఆ పూటతో పోయింది. బంతి చివరిదాకా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తిన్నారు. నేను ఒక మూల కూర్చుని హోళిగ తుంచుకుంటూ, మనుషుల మీద నాకున్న చులకనకి ఇంతకంటే మంచి రుజువు దొరకదనుకున్నాను. అడిగేవాళ్ళు ఎవరూ లేరు గానీ.

తిరిగి వచ్చేటప్పుడు బావ ముందు సీట్లో నిద్రపోయాడు. అక్కా నేనూ వెనక కూర్చున్నాం. ఉరవకొండ దాటాక అక్క అంది:

"వాళ్ళింట్లో ఆమె బాగలేదురా. మనింట్లో ఆమే బాగుండాది."

"రెండూ ఒకటేనక్కా. ఒకే మిషన్లో తీసినవి."

"తీసింటారు. వాళ్ళు అందరి మధ్యలో పెట్టినారు. దండేసినారు. ఆమెకు అది సరిపోలేదు."

నేను నవ్వాను. ఎందుకు సరిపోలేదో చెప్పమన్నాను, కొంచెం వెటకారంగానే.

"నువ్వు ఆమెను చూసినావా?"

"ఓడలోనే చూసినానక్కా. గ్లాసు తప్పుగా గీసినాడు."

"గ్లాసు కాదురా, ఆమెను. ఒక్కతే కూచోనుండాది. ముందర బల్ల మింద ఎవురి గ్లాసూ ల్యా. వస్తారేమోనని వాకిలి పక్క గూడా చూడడంల్యా, కిటికీలోకి చూసుకుంటాండాది. కాఫీ తెమ్మని అడిగేవాళ్ళు ఎవురూ లేరు ఆమెను. నేను పొద్దుగూకులూ కూరగాయలు తరుక్కుంటా ఆమెనే చూస్తాంటా. ఎంత నెమ్మదిగా ఉండాది తల్లి అనిపిస్తాది."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. బోర్లన్నీ ఎండిపోయిన ఒక బత్తాయి తోటలో చీనీచెట్లు కొట్టి కట్టెలు లారీకి ఎత్తుతున్నారు. ఓడంతా తిరిగి ఎన్ని అభిప్రాయాలు విన్నానో పైన రాశాను. సోఫా, టేకు, పెట్టుబడి, వాస్తు, కుర్చీ. వాటిలో నాదీ ఒకటి, గ్లాసు మూతి. ఆ బొమ్మలో ఉన్న మనిషి గురించి మాట్లాడింది ఓడెక్కని మా అక్క ఒక్కతే.

అట్లని నేను నా మాట వెనక్కి తీసుకోను. అది మంచి బొమ్మ కాదు. చేతకానివాడు వేశాడు, గడుసువాడు అమ్మాడు, కైపులో ఉన్నవాడు కొన్నాడు. గోడ మీద మంచి బొమ్మ ఉండి ఉంటే మా అక్కకి ఇంకా ఎంత కనపడేదో అనుకుంటే ఆ నీలం కోటువాడి మీద నా కోపం రెండింతలవుతుంది.

ఆదివారాలు నేను ఇప్పటికీ సోమందేపల్లె పోతాను. బావ అంగట్లో ఉంటాడు. నేను ఆ గదిలో స్టూలు మీద కూర్చుని అక్కతో మాట్లాడుతూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తాను. మొన్నొకరోజు మాట్లాడుతుంటే అక్క కత్తిపీట ఆపి, "కొంచెం పక్కకు జరుగురా, ఆమెకు అడ్డమొస్తాండావు" అంది. నేను స్టూలు జరుపుకుని కూర్చున్నాను.